పాటతో పాటు పేర్లు కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో వినిపించే ఒక ఎఫ్‌ఎం రేడియో కేంద్రంలో ప్రతి ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకు పాత ఇంగ్లీషు పాటల కార్యక్రమం ఒకటి వస్తుంది. 1950ల్లో అమెరికాలో పుట్టి దేశదేశాలకు పాకిన రాక్ అండ్ రోల్ పాటలను గంటసేపు వినిపించే కార్యక్రమం అది. మొదలైన నాటి నుంచి పోయిన ఉగాది వరకు ఆ పాటలను ఒక అనౌన్సరు తెలుగులో పరిచయం చేసేవారు. పాట ఎవరు రాశారు, మొదట ఎవరు పాడారు, ఏ ఊళ్లో ఏ సంవత్సరం రికార్డు చేశారు, గిటారు ఎవరు వాయించారు, ఆ తర్వాత ఆ పాట ఎవరెవరి చేతుల్లో పడి ఏమైంది అన్న వివరాలను ఆమె పాటకు ముందు ఒక్క నిమిషంలో చెప్పి, పాట అయ్యాక పేర్లను మరొకసారి చదివేవారు. ఉగాది తర్వాత ఆమె గొంతు వినిపించడం లేదు. కార్యక్రమం మాత్రం ఆగలేదు. అదే సమయానికి అవే పాటలు కంప్యూటరులో నుంచి వరసగా వస్తున్నాయి, మధ్యమధ్య నగల దుకాణాల ప్రకటనలూ ఇళ్ల స్థలాల ప్రకటనలూ వస్తున్నాయి, పది కొట్టగానే వేరే కార్యక్రమం మొదలవుతోంది. ఆ గంటలో ఒక్క గాయకుడి పేరు గానీ, ఒక్క రచయిత పేరు గానీ ఎవరూ చెప్పడం లేదు. ఆ కేంద్రం పేరును, ఆ అనౌన్సరు పేరును నేను ఇక్కడ రాయడం లేదు. ఆమె కాంట్రాక్టు మీద పనిచేసిన మనిషి కనుక నా ఉత్తరం వల్ల ఆమెకు మరెక్కడా ఇబ్బంది రాకూడదు. నేను కోరుతున్నది ఆ కార్యక్రమంలో పాటతో పాటు పేర్లు చెప్పే పద్ధతిని తిరిగి తీసుకురమ్మని మాత్రమే.

పేర్లు చెప్పకపోతే ఏం పోయింది, పాట వినిపిస్తోంది కదా అని చాలామంది అనుకోవచ్చు. ఏం పోయిందో నేను ప్రతి ఆదివారం కళ్లారా చూస్తున్నాను కనుకనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొర్లగుంటలో మా ఇంటి కింది వాటాలో ఒక టైలర్ షాపు ఉంది. పెళ్లిళ్ల రోజుల్లో సోమవారం పొద్దుటికల్లా జాకెట్లు అందించాలి కాబట్టి ఆదివారం రాత్రి కూడా అక్కడ రెండు మిషన్లు ఆడుతూనే ఉంటాయి. రాత్రి భోజనం ముగించుకొని కిందికి దిగి, ఆ షాపు ముందు స్టూలు వేసుకొని రేడియో వినడం నాకు అలవాటు. ఒక ఆదివారం ఆ అనౌన్సరు ‘హౌండ్ డాగ్’ అనే పాటను ఎంచుకున్నారు. అందరూ ఎరిగినది 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడిన రికార్డు. ఆమె ముందుగా దాన్ని వెయ్యలేదు. 1952 ఆగస్టులో లాస్ ఏంజెలిస్‌లో బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని పాడిన రికార్డు వేశారు. జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రవాళ్లిద్దరు ఆమె కోసమే కట్టిన పాట అది. మరుసటి సంవత్సరం విడుదలై, నల్లవారి సంగీతాన్ని లెక్కకట్టే రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ప్రెస్లీ పాడిన తర్వాత అది ప్రపంచమంతా మోగింది గానీ, తన చేతికి మాత్రం ఆ పాట మీద 500 డాలర్ల చెక్కు ఒకటి వచ్చిందనీ, ఆ తర్వాత పైసా రాలేదనీ థార్న్‌టన్ స్వయంగా చెప్పుకొన్నారు. అనౌన్సరు ఈ మాట చెప్పి పాట మొదలుపెట్టేసరికి మా టైలరు మిషన్ తొక్కడం ఆపేశాడు. “అంతమంది విన్న పాటకి ఆయమ్మకి ఇచ్చింది అయిదు నూర్లేనా సార్?” అని అడిగాడు. ఆయన అయిదో తరగతితో చదువు మానేసిన మనిషి. ఇంగ్లీషులో ఒక్క ముక్క రాదు. కాసేపు ఊరుకొని, తాను పెద్ద షాపుకు కుట్టి ఇచ్చే చొక్కా ఒకటి తీసి, కాలరు లోపల కుట్టిన గుడ్డముక్క మీది అక్షరాలను వేలితో చూపించి, “మా పనీ అంతే కదా సార్, కుట్టేది మేము, పేరు షాపోళ్లది” అన్నాడు.

ఆనాటి నుంచి ఆ షాపులో పాట కంటె ముందు పేరు కోసం ఎదురుచూడడం మొదలైంది. పేరు చెప్పే సమయానికి రెండు మిషన్లూ ఆగేవి. గుడ్డ మీద గీతలు గీసే సుద్దబిళ్లతోనే ఆయన షట్టరు లోపలి వైపు ఆ పేర్లను తెలుగులో రాసుకొనేవాడు. మరొక ఆదివారం ఆమె ఈ సంగీతం నడక ఎలా ఉంటుందో చెబుతూ, నాలుగు దెబ్బలు లెక్కపెట్టి, మన భజనల్లో మొదటి దెబ్బ మీద బరువు పడితే ఈ పాటల్లో రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద పడుతుందని మైకు ముందు చప్పట్లు కొట్టి చూపించారు. పన్నెండు బార్ల, అంటే పన్నెండు తాళపు ఆవృత్తాల చట్రంలో మూడే మూడు కార్డులు, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుత్తులు, తిరుగుతుంటాయని, నల్లవారి బ్లూస్ సంగీతం నుంచి వచ్చిన ఆ చట్రం మీదనే ఈ పాటల్లో పెద్ద భాగం నిలబడి ఉందని కూడా చెప్పారు. నాకు చాలా ఏళ్లుగా విన్న పాటలే అయినా ఆ లెక్క అప్పటిదాకా తెలియదు. మా టైలరు పెడలు మీది కాలితో రెండో దెబ్బను, నాలుగో దెబ్బను పట్టుకోవడానికి ఆ వారమంతా ప్రయత్నించాడు.

ఉగాది తర్వాత వచ్చిన మొదటి ఆదివారం పాట మొదలైంది, అయిపోయింది, ఇంకొకటి మొదలైంది. “ఇది ఎవురి పాట సార్?” అని ఆయన నన్నడిగాడు. నాకు తెలియలేదు.

ఈ విషయం నన్ను ఇంతగా బాధించడానికి మా నాన్నగారు కారణం. ఆయన చిత్తూరులో రేడియోలు బాగుచేసేవారు. నేను చదువుకొనే రోజుల్లో, అంటే 1960ల్లో, మా కొట్టుకు వచ్చేవి ఎక్కువగా వాల్వు సెట్లే. స్విచ్ వేశాక వాల్వులు వేడెక్కి ఎర్రబడే దాకా సెట్టు పలికేది కాదు. ఆ తర్వాత మొదట గురగుర, దాని వెనక నుంచి ఎక్కడిదో ఒక గొంతు వచ్చేది. నాన్నగారు బాగుచేసిన ప్రతి సెట్టునూ షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్ మీద పెట్టి పరీక్షించేవారు. దూరపు కేంద్రం తేటగా పట్టిన సెట్టును మాత్రమే ఆయన సొంతదారుకు అప్పజెప్పేవారు. 1952లో సమాచార ప్రసార శాఖ చేపట్టిన బి.వి.కేస్కర్ గారికి సినిమా పాటలంటే పడకపోవడం వల్ల అవి ఆకాశవాణిలో దాదాపు మాయమై, శ్రోతలంతా సిలోన్ వైపు తిరిగారన్న సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలయ్యాక ఆ లోటు తీరినా, సిలోన్ వినే అలవాటు మా వైపు చాలా కాలం పోలేదు. హిందీ పాటలు, తమిళ పాటలు, తెలుగు పాటలతో పాటు ఇంగ్లీషు పాటలూ ఆ కేంద్రం నుంచే మా కొట్టులోకి వచ్చాయి.

నాన్నగారికి తెలుగు, కొంచెం అరవం తప్ప వేరే భాష రాదు. అయినా బిల్లు పుస్తకంలో తాను బాగుచేసిన సెట్టు వివరం పక్కనే, పరీక్షించేటప్పుడు పట్టిన పాట ఎవరిదో చెవికి వినిపించినట్టు తెలుగులో రాసుకొనేవారు. ఆ పుస్తకాలు రెండు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. ఒక పుటలో “మర్ఫీ, అవుట్‌పుట్ వాల్వు మార్చడమైనది, బాకీ 6 రూ.” అని, దాని కింద “ఫ్యాట్ డామినో, పియానో” అని ఉంది. మరొక చోట “చెక్ బెరి, గిటారు భేష్” అని ఉంది. పెన్సిలుతో రాసిన అక్షరాలు వెలిసిపోయాయి గానీ చదవడానికి వస్తాయి. సాంఘిక శాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడిగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, విశ్రాంతి తీసుకొన్న తర్వాతనే నేను ఆ పేర్లను ఒక్కొక్కటిగా వెతికి సరిచూసుకొన్నాను. ఫ్యాట్స్ డామినో, చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, బడీ హాలీ. చిత్తూరులో ఒక రేడియో మెకానిక్ బిల్లు పుస్తకంలోకి ఆ పేర్లు ఎక్కాయంటే, సముద్రానికి అవతల ఎవరో ఒక అనౌన్సరు పాటకు ముందో వెనకో వాటిని విడమరిచి చెప్పడమే కారణం. చెప్పకపోయి ఉంటే ఆ పుటలో మర్ఫీ సెట్టు బాకీ ఒక్కటే మిగిలేది.

రాక్ అండ్ రోల్ విషయంలో పేర్లు చెప్పడం మర్యాద కోసం చేసే పని మాత్రమే కాదు. ఆ సంగీతం చరిత్రలో సగం, ఎవరి పేరు నిలిచింది, ఎవరి పేరు చెరిగిపోయింది అన్నదే. 1954 జులై 5 రాత్రి మెంఫిస్ నగరంలో శామ్ ఫిలిప్స్ నడిపే సన్ స్టూడియోలో పంతొమ్మిదేళ్ల ప్రెస్లీ ‘దట్స్ ఆల్ రైట్’ అనే పాట పాడారు. గిటారు స్కాటీ మూర్‌ది, బాస్ బిల్ బ్లాక్‌ది. డ్రమ్ములు లేనే లేవు. పాట నిడివి రెండు నిమిషాలైనా నిండదు. మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైన సంవత్సరం కూడా అదే కాబట్టి, మన ఊరివాళ్లకు ఆ కాలాన్ని గుర్తుపెట్టుకోవడం తేలిక. రాక్ అండ్ రోల్ పుట్టుక గురించి మాట్లాడే ప్రతివారూ ఆ రాత్రిని తలుచుకొంటారు. అయితే ఆ పాటను రాసి 1946లోనే రికార్డు చేసినవారు ఆర్థర్ క్రూడప్ అనే నల్లజాతి గాయకుడు. తన పాట అంత పేరు తెచ్చుకొన్నా, దాని మీద తనకు న్యాయంగా రావలసిన రాయల్టీ ఆయనకు బతికినంత కాలం సరిగా అందలేదు. కూలిపనుల మీద ఆధారపడి బతికి 1974లో చనిపోయారు.

ఇది ఒక్కరి కథ కాదు. 1955లో న్యూ ఆర్లీన్స్ గాయకుడు ఫ్యాట్స్ డామినో ‘ఎయింట్ దట్ ఎ షేమ్’ పాడితే అది బిల్‌బోర్డ్ అనే అమెరికా సంగీత పత్రిక వేసే పాప్ పట్టికలో పదో స్థానం దాకా వెళ్లింది. అదే ఏడాది అదే పాటను పాట్ బూన్ అనే తెల్లజాతి గాయకుడు పాడితే మొదటి స్థానానికి వెళ్లింది. నల్లవారి రికార్డులను వేయడానికి చాలా రేడియో కేంద్రాలు ఇష్టపడని రోజులవి. 1949 దాకా ఆ పత్రికే నల్లవారి సంగీతాన్ని ‘జాతి రికార్డులు’ అని విడిగా లెక్కకట్టేది, ఆ ఏడాదే దానికి రిథమ్ అండ్ బ్లూస్ అన్న పేరు పెట్టింది. 1955 డిసెంబరులో మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ అనే నల్లజాతి స్త్రీ బస్సులో తెల్లవారి కోసం సీటు వదలడానికి నిరాకరించిన ఘట్టాన్ని నేను ఏటా తరగతిలో చెప్పేవాణ్ని. పిల్లలు పరీక్ష కోసం తేదీ గుర్తుపెట్టుకొనేవారు. ఆ ఏడాదే విడుదలైన ఈ రెండు రికార్డులను పక్కపక్కన వినిపించి, తేడా ఎక్కడుందో మీరే చెప్పండి అని అడిగి ఉంటే ఆ పాఠం ఇంకెంత బాగా ఎక్కేదో అని ఇప్పుడు అనిపిస్తుంది. మన అనౌన్సరు ఒక ఆదివారం రాత్రి సరిగ్గా ఆ పనే చేశారు.

చక్ బెర్రీ సంగతి ఇంకా విడ్డూరం. 1955లో షికాగోలోని చెస్ కంపెనీ ఆయన మొదటి రికార్డు ‘మేబెలీన్’ విడుదల చేసినప్పుడు, పాట రాసినవారి జాబితాలో ఆయన పేరు పక్కన మరో ఇద్దరి పేర్లు చేర్చారు. అందులో ఒకరు అలన్ ఫ్రీడ్. 1951 నుంచి క్లీవ్‌లండ్ రేడియోలో నల్లవారి పాటలను పట్టుదలగా వినిపించి, రాక్ అండ్ రోల్ అన్న పేరును జనం నోట నానేలా చేసిన అనౌన్సరు ఆయనే. ఆ ఘనతను నేను కాదనను. కానీ రేడియోలో ఎక్కువసార్లు మోగాలన్న ఆశతో, పాట రాయడంలో ఏ పాత్రా లేని మనిషికి అందులో వాటా రాసిచ్చారు. ఆ పాట మళ్లీ బెర్రీ ఒక్కరి పేరు మీదికి రావడానికి 1986 దాకా పట్టింది. రేడియో మైకు ముందు కూర్చున్న మనిషి చెప్పే పేరుకు ఎంత విలువ ఉందో, చెప్పే అధికారం చేతిలో ఉంటే ఎంత అన్యాయం జరగగలదో ఇంతకంటె బాగా చూపించే ఉదాహరణ నాకు తెలియదు. అదే బెర్రీ 1958లో పాడిన ‘జానీ బి. గుడ్’ పాట, 1977లో వాయేజర్ వ్యోమనౌకల్లో పంపిన బంగారు పూత రికార్డులో ఉంది. మన హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ గారి భైరవి కూడా అదే రికార్డులో ఉందని ఆ కార్యక్రమం వల్లనే నాకు తెలిసింది.

సిస్టర్ రోసెటా థార్ప్ పేరు అయితే మా నాన్నగారి పుస్తకంలోనూ లేదు. ఆమె 1915లో ఆర్కన్సాలో పుట్టి, చర్చిలో పాటలు పాడుతూ పెరిగి, ఎలక్ట్రిక్ గిటారు భుజాన వేసుకొని దైవభక్తి గీతాలనే ఉరకలెత్తే నడకలో పాడిన స్త్రీ. 1944లో ఆమె చేసిన రికార్డును రాక్ అండ్ రోల్‌కు తొలి అడుగుల్లో ఒకటిగా చాలామంది లెక్కిస్తారు. భక్తి పాటకు జనం ఊగిపోవడం, ఊగిపోయేలా పాడడం భక్తేనా అని పెద్దలు సందేహించడం తిరుపతివాళ్లకు కొత్తగా చెప్పవలసిన సంగతులు కావు. ఆమె 1973లో చనిపోతే దశాబ్దాల పాటు ఆమె సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. అభిమానులు 2008లో కచేరీ పెట్టి డబ్బు పోగుచేస్తే ఆ తర్వాత రాయి వచ్చింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ప్రెస్లీ, బెర్రీ, డామినో, లిటిల్ రిచర్డ్ 1986లోనే చేరారు. ఆమెను చేర్చడానికి 2018 దాకా ఆగారు. అనౌన్సరు ఈ వివరాలన్నీ చెప్పి థార్ప్ పాట వేసిన రాత్రి మా ఆవిడ కూడా మెట్ల మీద కూర్చొని చివరి దాకా విన్నది. ఆ పాటలు ఈ మధ్య కంప్యూటరులో నుంచి మళ్లీ వచ్చి ఉండవచ్చు. వచ్చినా మాకు తెలిసే మార్గం లేదు.

పేరు చెప్పే సంప్రదాయం మన దేశంలో రికార్డింగు పుట్టిన నాటిది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన తొలి రికార్డుల్లో పాట ముగియగానే “మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్” అని ఆమె గొంతే వినిపిస్తుంది. ఆ రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో తయారయ్యేవి కాబట్టి, అక్కడివాళ్లు లేబులు మీద పేరు తప్పు రాయకుండా ఆ ఏర్పాటు. 1949లో ‘మహల్’ అనే హిందీ చిత్రం పాట రికార్డు మీద గాయని పేరుకు బదులు సినిమాలోని పాత్ర పేరు, ‘కామిని’ అని అచ్చువేశారు. రేడియోలో విన్న జనం ఎవరు పాడారో చెప్పమని ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే గానీ లతా మంగేష్కర్ పేరు బయటికి రాలేదు. శ్రోతల ఉత్తరాలకు ఆ శక్తి ఉండేదన్న నమ్మకంతోనే నేనూ ఇది రాస్తున్నాను. ఆ తర్వాత చిత్రం, రచన, సంగీతం, గానం అంటూ నాలుగు మాటల్లో అన్నీ చెప్పేసే పద్ధతి మన తెలుగు రేడియోలో ఎంతగా నాటుకొందంటే, మా తరం వాళ్లకు పాట తలుచుకోగానే ఆ నాలుగూ వరసగా నోటికి వస్తాయి. ఏ బడిలోనూ నేర్పకుండానే ఆత్రేయ ఎవరో, పెండ్యాల ఎవరో, జిక్కి ఎవరో మాకు తెలిసింది అలాగే.

జిక్కి అన్నాను కనుక ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆమె పుట్టింది మన పక్కనున్న చంద్రగిరిలో. ఆమె భర్త ఎ.ఎం.రాజా పుట్టింది చిత్తూరు జిల్లా రామాపురంలో. 1960లో వచ్చిన ‘పెళ్లి కానుక’ చిత్రానికి సంగీతం ఆయనదే, అందులో జిక్కి గొంతు మరిచిపోయినవాళ్లు ఉండరు. అదే జిక్కి 1958లో ఒక తమిళ చిత్రం కోసం రాక్ అండ్ రోల్ నడకలో సాగే బృందగీతంలోనూ పాడారు. మెంఫిస్‌లో మొదలైన నడక నాలుగేళ్లు తిరిగేసరికి చంద్రగిరి ఆడపడుచు గొంతులోకి వచ్చిందన్న మాట. ఆ ఇంగ్లీషు పాటలకూ మనకూ ఏ సంబంధమూ లేదని అనేవారికి నేను చూపించేది దీన్నే. ఇలాంటి ముడిని విప్పి చూపించడం ఒక అనౌన్సరు చేయగల పని, కంప్యూటరు చేస్తున్న పని మాత్రం కాదు.

తిరుమల కొండ కింద ఇంగ్లీషు పాటలెందుకని ఎవరైనా అడిగితే, అప్పటి మన జిల్లాలోనే ఉన్న మదనపల్లెలో 1919లో జరిగింది గుర్తు చేసుకొమ్మని చెబుతాను. రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి థియొసాఫికల్ కళాశాలలో బస చేసినప్పుడు ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించారు. కళాశాల ప్రిన్సిపాల్ భార్య, పాశ్చాత్య సంగీతం బాగా ఎరిగిన మార్గరెట్ కజిన్స్ ఆ పాట వరుసకు పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి రాశారు. ఆ ఇద్దరి పేర్లూ చెప్పకుండా ఆ కథ ఎవరూ చెప్పరు.

ఫోనులో వెతుక్కోవచ్చు కదా అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి, ఎందుకంటే నేను ఆ కేంద్రానికి వెళ్లి అడిగినప్పుడు వచ్చిన జవాబు అదే. మా మనవరాలు రేడియో దగ్గర ఫోను పట్టుకొని పాటను గుర్తుపట్టించి చూపించింది. ఫోను మీద ప్రెస్లీ పేరు, ఏవో కొత్తగా కూర్చిన ఆల్బమ్ పేరు, ఈ మధ్యకాలపు ఒక సంవత్సరం వచ్చాయి. క్రూడప్ పేరు రాలేదు, 1946 రాలేదు. “ఇంతే ఉంది తాతా” అంది. ఉన్నదాన్ని వెతకాలన్నా, ఫలానా మనిషి ఒకరున్నారని ముందు ఎవరో ఒకరు చెప్పాలి. అదీగాక చేతిలో సూదీ దారం ఉన్నవాళ్లూ, అలిపిరి దగ్గర బండి ఆపుకొని యాత్రికుల కోసం కాచుకొన్న డ్రైవర్లూ, రాత్రిపూట కాపలా ఉండేవాళ్లూ ఒక్కో పాటకూ ఫోను తీసి వెతుకుతారనుకోవడం రేడియో ఎవరి కోసం ఉందో మరిచిపోవడమే.

సమయం చాలదన్నది వారు చెప్పిన రెండో కారణం. ఈ పాటలు చాలావరకు రెండు, రెండున్నర నిమిషాలవి. గంటలో పద్దెనిమిది పాటలు వేశారనుకొన్నా, ఒక్కో పాటకు పావు నిమిషం చొప్పున పేర్లు చెబితే మొత్తం నాలుగున్నర నిమిషాలవుతుంది. పోయిన ఆదివారం గడియారం ముందు పెట్టుకొని చూశాను, ఆ గంటలో ప్రకటనలకు పదమూడు నిమిషాలు పోయాయి. ప్రకటనలు లేకుండా కేంద్రం నడవదని నాకు తెలుసు, వాటిని తగ్గించమని అడగడం లేదు. రెండు పాటలు తగ్గించి పేర్లు చెప్పండి అంటున్నాను. ఇప్పుడైతే చాలా పాటలను చివరి చరణం మధ్యలోనే తుంచి ప్రకటనలోకి దూకుతున్నారు. రెండు నిమిషాల పాటను కూడా పూర్తిగా వినిపించలేని తొందర ఎందుకో నాకు అర్థం కాలేదు.

అడిగింది మీరొక్కరే అన్నది మూడో మాట. ఆ మాట నాకు కష్టం కలిగించింది. ఉగాది తర్వాత నేను ఆ కేంద్రానికి రెండు ఉత్తరాలు రాశాను, ఒకసారి స్వయంగా వెళ్లాను. మా టైలరు, ఆయన దగ్గర పనిచేసే కుర్రవాడు, మా వీధిలో ఇద్దరు ఆటో డ్రైవర్లు, ఒక నర్సమ్మ కలిసి సంతకాలు చేసిన కాగితం కూడా ఇచ్చి వచ్చాను. మర్యాదగా తీసుకొన్నారు గానీ ఇంతవరకు జవాబు లేదు. మీ పత్రిక చదివేవాళ్లలో ఆ కార్యక్రమం వినేవారు ఇంకా ఉంటే, దయచేసి ఒక కార్డు ముక్క రాయండి. అడిగేది ఒక్కరు కాదని వారికి తెలియాలి.

ఆ అనౌన్సరునే తిరిగి పిలిస్తే అంతకన్న సంతోషం లేదు. పని తెలిసిన మనిషి, ఉచ్చారణ చక్కనిది, చదివి వచ్చి మాట్లాడే మనిషి. వారి లెక్కల్లో అది కుదరకపోతే, కనీసం వారానికి ఒకసారి ఎవరో ఒకరు కూర్చొని గంటకు సరిపడా పేర్లు ముందే చదివి రికార్డు చేసి, ఆ కంప్యూటరులోనే పాటల మధ్య పెట్టవచ్చు. పాడినవారి పేరుతో ఆపకుండా, రాసినవారి పేరు, మొదట పాడినవారు వేరే ఉంటే వారి పేరు, సంవత్సరం కూడా చెప్పాలి. అలా రాసి ఇవ్వడానికి మనిషి దొరకడం లేదంటే, డబ్బు ఏమీ ఆశించకుండా నేను రాసి ఇస్తాను. మా నాన్నగారి పుస్తకాల్లోని పేర్లను పాటలతో, సంవత్సరాలతో సరిచూసి ఇప్పటికే ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించాను. మూడు నాలుగు ఆదివారాలకు అది సరిపోతుంది.

నా పూర్తి పేరు, చిరునామా, ఫోను నంబరు మీ కార్యాలయానికి వేరే కాగితం మీద రాసి పంపుతున్నాను. ఆ కేంద్రం వారు అడిగితే నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. నోటు పుస్తకం నకలు తీయించి సిద్ధంగా ఉంచాను, ఏ రోజు రమ్మంటే ఆ రోజు తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
కొర్లగుంట, తిరుపతి.